చేతి ఆటయంత్రంలో యజమానికి చోటెంత?

డబ్బు పెట్టి కొనుక్కున్న ఆటయంత్రంలో తన ఫొటోను తెర మీద పరచుకోగలిగిన యజమాని, నచ్చిన పాటలన్నీ ఎక్కించుకోగలిగిన యజమాని, తానే కూర్చుని రాసిన చిన్న ఆటను మాత్రం ఎందుకు ఎక్కించుకోలేడు? ఫొటోను మారుమాట లేకుండా తీసుకున్న యంత్రం ఆటను చూడగానే చెల్లదని ఎందుకు తిప్పికొడుతుంది? చేతిలో ఇమిడే ఆటయంత్రం వాడినవారికి ఎప్పుడో ఒకప్పుడు తట్టే ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఏదో ఒక యంత్రాన్ని బాగా దగ్గరగా చూడాలి. సోనీ సంస్థ 2004 డిసెంబరు 12న జపానులోను, 2005 మార్చిలో అమెరికాలోను విడుదల చేసిన ప్లేస్టేషన్ పోర్టబుల్, అంటే వాడుకలో పీఎస్‌పీగా స్థిరపడిన యంత్రం, అందుకు ఎంతో తగినది. ప్రపంచమంతటా దాదాపు 8 కోట్లు అమ్ముడైన ఈ యంత్రాన్ని తమ ఇష్టానికి మలచుకోవాలని యజమానులూ, దాన్ని తన అదుపులోనే ఉంచుకోవాలని తయారీ సంస్థా ఏళ్ళ తరబడి చేసిన ప్రయత్నాలలో కంప్యూటరు శాస్త్రపు మూల విషయాలు కొన్ని పాఠ్యపుస్తకంలో కంటే స్పష్టంగా బయటపడ్డాయి.

తెర మీది అలంకారం

పీఎస్‌పీ తెర 4.3 అంగుళాలది. అందులో అడ్డంగా 480, నిలువుగా 272, మొత్తం 1,30,560 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు ఎంతెంతో చెప్పడానికి మూడు బైట్ల చొప్పున లెక్కవేస్తే, తెర నిండా పరిచే ఒక్క బొమ్మకు 3,91,680 బైట్లు పడతాయి. కంపెనీ అమ్మే ఆటలు యూఎండీ అనే చిన్న డిస్కు మీద, 1.8 గిగాబైట్ల వరకు పట్టే చోటులో వచ్చేవి. యజమాని సొంత సరుకంతా మెమరీ స్టిక్ డ్యూయో అనే కార్డులో ఉండేది. ఆ కార్డును కంప్యూటరులో తెరిస్తే 'పీఎస్‌పీ' అనే ఫోల్డరు, దాని లోపల 'గేమ్', 'సేవ్‌డేటా', 'థీమ్' వంటి పేర్లతో మరికొన్ని ఫోల్డర్లు కనిపిస్తాయి. ఏ ఫైలును ఏ ఫోల్డరులో వేస్తే అది ఆ రకమైన సరుకుగా మెనూలోకి వస్తుంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా యంత్రం దాన్ని అసలు పట్టించుకోదు.

మొదటి రోజుల్లో యజమానికి దక్కిన అలంకారం చాలా తక్కువ. మెనూ వెనక రంగు నెల మారినప్పుడల్లా దానంతట అదే మారేది, అంతే. యంత్రం లోపలి చిప్పులో శాశ్వతంగా నిలిచి, మెనూ చూపడం మొదలు డిస్కు చదవడం వరకు అన్నిటినీ నడిపించే పునాది ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. 2005లో వచ్చిన 2.00 ఫర్మ్‌వేర్‌తో సొంత బొమ్మను తెర వెనక పరచుకునే వాల్‌పేపర్ సదుపాయమూ, ఇంటర్నెట్ బ్రౌజరూ వచ్చాయి. 2007 సెప్టెంబరులో వచ్చిన 3.70తో వెనకటి బొమ్మ, ఐకన్లు, రంగు అన్నీ కలిపి ఒకే ఫైలుగా కట్టిన థీమ్‌లు పెట్టుకునే వీలు కలిగింది.

ఈ అలంకారంలో తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. పీఎస్‌పీ మెనూ జపనీస్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, కొరియన్, చైనీస్ వంటి భాషల్లో దొరికేది కాని వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. తెలుగు అక్షరాన్ని అక్షరంగా చూపాలంటే ఫాంటు ఉంటే చాలదు. హల్లు కింద వత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి ఎటు వంగాలో లెక్కకట్టే ప్రోగ్రామూ ఉండాలి. అయితే కంప్యూటరులో 'శుభోదయం' అని టైపుచేసి, దాన్ని 480కి 272 చుక్కల బొమ్మగా భద్రపరచి వాల్‌పేపరుగా పెడితే అదే యంత్రం తడబడకుండా చూపిస్తుంది. దానికి అది తెలుగని తెలియదు, అక్షరమని కూడా తెలియదు. చుక్కల రంగులు మాత్రమే తెలుసు. యంత్రం ఒక దాన్ని చూపించడానికీ, దాని భావాన్ని గ్రహించి ఆ ప్రకారం నడుచుకోవడానికీ మధ్య ఉన్న ఈ దూరమే ఈ అధ్యాయానికి కీలకం.

బొమ్మకూ ఆటకూ తేడా

యంత్రం జ్ఞాపకంలో, అంటే మొదటి పీఎస్‌పీలోని 32 మెగాబైట్ల ర్యామ్‌లో, బొమ్మ అయినా పాట అయినా ఆట అయినా బైట్ల వరుసగానే ఉంటుంది. ఒక బైటును విడిగా తీసి చూస్తే అది గులాబీ రంగులో ఒక పాలో, 'రెండు సంఖ్యలను కూడు' అనే ఆజ్ఞలో ముక్కో ఎవరూ చెప్పలేరు. తేడా అంతా దాన్ని ఎవరు చదువుతున్నారన్న దానిలో ఉంది. చిత్రాలు చదివే ప్రోగ్రాము చదివితే అది రంగు. యంత్రానికి బుర్ర వంటి ప్రాసెసర్ 'తర్వాత చేయాల్సిన పని ఇది' అని చదివితే అదే ఆజ్ఞ. రంగు తప్పయితే తెర మీద ఒక మచ్చ పడుతుంది, అంతటితో పోతుంది. ఆజ్ఞ తప్పయితే, లేదా దురుద్దేశంతో రాసినదైతే, యంత్రంలోని ఫైళ్ళన్నీ చెరిగిపోవచ్చు. కాబట్టి ఫొటోకు స్వేచ్ఛ, ఆటకు కాపలా అనే విభజన అర్థం లేనిది కాదు. అయితే కాపలాకు మరో కారణమూ ఉంది: ఆటయంత్రాల వ్యాపారంలో లాభం ఎక్కువగా ఆటల నుంచి, ప్రతి ఆట మీద ప్రచురణకర్తలు కట్టే రుసుము నుంచి వస్తుంది గనుక, అనుమతి లేని ఆట నడిస్తే ఆ ఏర్పాటుకే గండి పడుతుంది.

కాపలా పద్ధతిని అర్థం చేసుకోవడానికి పీఎస్‌పీ ఆట ఫైలునే విప్పి చూడవచ్చు. ఈబూట్ డాట్ పీబీపీ అనే పేరుతో వచ్చే ఈ ఫైలు నిజానికి ఒక మూట. అందులో ఆట పేరు చెప్పే చిన్న పట్టిక, మెనూలో కనిపించే 144కి 80 చుక్కల ఐకన్, దాని వెనక తెర నిండా వచ్చే బొమ్మ, ఐకన్ మీద ఆగినప్పుడు వినిపించే సంగీతపు తునక, వీటన్నిటి తర్వాత అసలు ప్రోగ్రాము ఉంటాయి. ఆ ప్రోగ్రాము భాగానికి తయారీ సంస్థ అంకెల ముద్ర వేస్తుంది. ప్రోగ్రాములోని ప్రతి బైటునూ ఒక రహస్య సంఖ్యతో కలిపి గుణించి, కలగలిపి చివరికి తేల్చే చిన్న ఫలితమే ఆ ముద్ర. లోపల ఒక్క బైటు మారినా ఫలితం వేరే అవుతుంది. రహస్య సంఖ్య తెలియనివారు ఆట ఎంత చక్కగా రాసినా దానికి సరిపోయే ముద్ర వేయలేరు, ముద్ర సరిపోని ప్రోగ్రామును యంత్రం నడపదు.

జపానులో మొదట అమ్మిన 1.00 ఫర్మ్‌వేర్ మెమరీ స్టిక్ నుంచి వచ్చే ప్రోగ్రాములకు ఈ ముద్రను అడగలేదు. అందువల్ల 2005 మే నెలకల్లా ఔత్సాహికులు సొంత ప్రోగ్రాములు నడిపి చూపారు. అమెరికాకు వచ్చిన 1.50 అడిగింది, కానీ ఆ ఏర్పాటులోనూ ఒక సందు మిగిలిపోయింది. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు చేసి, ఒకదాని పేరు చివర శాతం గుర్తు చేరిస్తే, యంత్రం వివరాలు చూసేది ఒక ఫోల్డరులో, నడిపేది మరో ఫోల్డరులోని ప్రోగ్రామును. తనిఖీ చేసిన వస్తువూ వాడిన వస్తువూ ఒకటేనని రూఢి చేసుకోకపోవడం అనే ఈ పొరపాటు బ్యాంకుల సాఫ్ట్‌వేరు మొదలు ఫోన్ల వరకు నేటికీ భద్రతా నిపుణులను వేధిస్తూనే ఉంది.

హద్దు దాటిన బొమ్మ

ఇంతకంటే గొప్ప పాఠం 2.00 ఫర్మ్‌వేర్ నేర్పింది. శాతం గుర్తు సందు అప్పటికి మూసుకుపోయింది. ఆటల తలుపు గట్టిగా బిగించి ఉంది. ఔత్సాహికులు ఆ తలుపు జోలికి పోకుండా ఫొటోల వైపు తిరిగారు.

టిఫ్ అనే చిత్ర పద్ధతిలో రంగుల సమాచారానికి ముందు కొన్ని వివరాలు ఉంటాయి: వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, ఫలానా వివరానికి ఎన్ని విలువలు ఉన్నాయి అని. వీటిని చదవడానికి ఎన్నో ప్రోగ్రాములు వాడుకునే లిబ్‌టిఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఒక లోపం ఉండేది. అదేమిటో తెలియడానికి, అర్జీలను రిజిస్టరులోకి పెన్సిలుతో ఎక్కించే ఒక కార్యాలయపు గుమాస్తాను ఊహించుకోవచ్చు. ప్రతి అర్జీకి రిజిస్టరులో పది గీతల చోటుంది. పదకొండో గీత మీద, ఈ పని పూర్తయ్యాక బంట్రోతు ఏ గదికి వెళ్ళాలో అధికారి ముందే రాసిపెట్టాడు. అర్జీ నెత్తిన 'ఇందులో ఇన్ని గీతలు' అని అర్జీదారే రాస్తాడు. గుమాస్తా ఆ మాట నమ్మి, పది గీతల హద్దు చూసుకోకుండా, ఇరవై గీతలూ ఎక్కించేస్తే పదకొండో గీత మీదున్న అధికారి రాత చెరిగి, దాని స్థానంలో అర్జీదారు రాత వస్తుంది. తర్వాత వచ్చిన బంట్రోతు అది అధికారి ఆదేశమే అనుకుని, అర్జీదారు చెప్పిన గదికి వెళ్ళిపోతాడు. ఇక్కడ గుమాస్తా చిత్రాన్ని చదివే ప్రోగ్రాము, బంట్రోతు ప్రాసెసరు, గది జ్ఞాపకంలోని ఒక చోటు. కేటాయించిన చోటు దాటి పక్క చోటును చెరిపే ఈ లోపాన్ని బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. తెలుగులో పొంగు దోషం అనవచ్చు.

సరే, బంట్రోతును దారి మళ్ళించి ఏ గదికి పంపాలి? అక్కడే వాల్‌పేపర్ అక్కరకు వచ్చింది. యజమాని మొదట ఒక పీఎన్‌జీ బొమ్మను వాల్‌పేపరుగా పెట్టుకునేవాడు. చూడటానికి అది అర్థం లేని రంగుల చుక్కలు, కానీ ఆ చుక్కల రంగు విలువలు సరిగ్గా ప్రాసెసరు ఆజ్ఞల రూపంలో ఉండేలా కూర్చినవి. వాల్‌పేపర్ తెర మీద కనిపిస్తున్నదంటే దాని బైట్లన్నీ తెర కోసం కేటాయించిన జ్ఞాపకంలో పరుచుకుని ఉన్నాయన్న మాట. తర్వాత యజమాని ఫొటోల జాబితా తెరిచేవాడు. అందులో కాచుకుని ఉన్న టిఫ్ ఫైలును యంత్రం చదవబోగానే దోషం పొంగి, ప్రాసెసరు దారి తప్పి, తెర మీది రంగులనే ఆజ్ఞలుగా చదవడం మొదలుపెట్టేది. అంతవరకు అలంకారంగా ఉన్న బొమ్మ ఆ క్షణంలో ప్రోగ్రాము అయింది. బైటుకు స్వభావమంటూ లేదని, చదివే తీరే దానికి స్వభావం ఇస్తుందని ఇంతకంటే నిండుగా రుజువు చేసిన ఉదాహరణ ఆటయంత్రాల చరిత్రలో మరొకటి లేదనవచ్చు.

ఈ దారిలో ఔత్సాహికులు 2.00 నుంచి వెనకటి 1.50కి దిగి, సొంత ఆటలు నడుపుకున్నారు. సంస్థ 2005 అక్టోబరులో 2.01 విడుదల చేసి ఆ సందు మూసింది. అదే నెలలో మరో సంగతీ బయటపడింది: ఫర్మ్‌వేరును వెనక్కి దింపే ఉపకరణమని చెప్పుకుంటూ తిరిగిన ఒక ప్రోగ్రాము యంత్రం లోపలి కీలకమైన ఫైళ్ళను చెరిపేసి, మళ్ళీ తెరుచుకోకుండా చేసింది. సిమాంటెక్ సంస్థ దానికి ట్రోజన్ డాట్ పీఎస్‌పీబ్రిక్ అని పేరు పెట్టింది. ముద్ర అడగడం కేవలం వ్యాపారపు ఎత్తు మాత్రమే కాదని, తెలియని ఆజ్ఞను నడపడంలో నిజమైన ప్రమాదం ఉందని ఇది కళ్ళకు కట్టింది. కాపలాను తప్పించిన దారి మంచి ప్రోగ్రాముకూ చెడ్డ ప్రోగ్రాముకూ ఒకే తీరుగా తెరుచుకుంటుంది.

తాళాలు, తాళంచెవి

ఆ తర్వాతి కథ ఒక సందు మూయడం, మరో సందు దొరకడం అనే వరుసలో నడిచింది. కొత్త ఆటల డిస్కుల్లోనే కొత్త ఫర్మ్‌వేరు పెట్టి, దాన్ని ఎక్కించుకుంటే తప్ప ఆట మొదలుకాకుండా చేయడం సంస్థ పద్ధతి. ఆటలో సాధించిన స్థాయిని దాచే సేవ్ ఫైళ్ళలో పొంగు దోషాలు వెతకడం ఔత్సాహికుల పద్ధతి. 2006లో డార్క్ అలెక్స్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడైన ప్రోగ్రామరు సంస్థ ఫర్మ్‌వేరునే సవరించి, అధికారిక సదుపాయాలూ సొంత ప్రోగ్రాములూ రెండూ నడిచే కస్టమ్ ఫర్మ్‌వేరు రూపొందించాక, కొత్త ఆటలా సొంత ప్రోగ్రాములా అని తేల్చుకోవాల్సిన అవసరం యజమానులకు చాలావరకు తప్పింది. ప్రాసెసరు 333 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేయగలదైనా ఆటలను 222 దగ్గరే ఆపి ఉంచిన హద్దును సంస్థ 2007లో 3.50తో గాని సడలించలేదు. సొంత ప్రోగ్రాములు రాసేవారు ఆ పూర్తి వేగాన్ని అంతకు ముందే వాడుకున్నారు.

2007లోనే బయటపడిన బ్యాటరీ రహస్యం మరీ విశేషమైనది. పీఎస్‌పీ బ్యాటరీలో ఒక చిన్న చిప్పు, అందులో ఒక క్రమసంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యలోని బిట్లన్నీ ఒకట్లే అయితే, యంత్రం దాన్ని మరమ్మతు కేంద్రపు బ్యాటరీగా భావించి, తన లోపలి ఫర్మ్‌వేరును పక్కనపెట్టి మెమరీ స్టిక్ నుంచే మొదలవుతుంది. పండోరా బ్యాటరీగా పేరుపడిన దీనితో, చచ్చిపోయాయని పక్కన పడేసిన యంత్రాలకు మళ్ళీ ప్రాణం వచ్చింది. తర్వాతి నమూనాల్లో సంస్థ ఈ వెసులుబాటును తీసేసింది.

చివరికి తాళమే విడిపోయిన తీరు ముద్రల శాస్త్రంలో ఒక ముఖ్యమైన పాఠం. పీఎస్‌పీ ప్రోగ్రాముల మీది ముద్రను సరిచూసే రహస్య సంఖ్యతోనే ముద్ర వేయడం కూడా సాధ్యమయ్యేది. అంటే సరిచూసే సంఖ్య ప్రతి యంత్రంలోనూ ఉండాలి, దాన్ని ఒక్కరు బయటకు లాగినా అందరికీ ముద్ర వేసే శక్తి వచ్చేస్తుంది. పీఎస్‌పీ ఆటలు కొన్ని ప్లేస్టేషన్ 3లోనూ నడిచేవి కాబట్టి ఆ సంఖ్యలు అందులోనూ ఉన్నాయి. 2010 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో ఫెయిల్ ఓవర్‌ఫ్లో బృందం ప్లేస్టేషన్ 3 ముద్రల లోపాన్ని వివరించింది. ప్రతి ముద్రకూ కొత్తగా ఎంచుకోవాల్సిన యాదృచ్ఛిక సంఖ్యను ప్రతిసారీ ఒకటే వాడటం ఆ లోపం. 2011 జనవరికల్లా పీఎస్‌పీ సంఖ్యలు కూడా బయటికి వచ్చాయి. అప్పటి నుంచి ఔత్సాహికుడు రాసిన ఆటకు సంస్థ వేసే ముద్ర వంటిదే వేయడం వీలైంది. యంత్రం రెంటికీ తేడా చెప్పలేకపోయింది.

అదనపు సరుకు ఎవరిది?

దారి తెరుచుకున్నాక ఏమి ఎక్కించారన్నదే అసలు విషయం. ఒకవైపు ఔత్సాహికులు ఉచితంగా లభించే పీఎస్‌పీఎస్‌డీకే అనే ఉపకరణాలతో పుస్తకాలు చదివే ప్రోగ్రాములు, సంగీతం కూర్చే ప్రోగ్రాములు, పాత యంత్రాల ఆటలను ఆడించే ఎమ్యులేటర్లు, పూర్తిగా కొత్త ఆటలు రాశారు. మరోవైపు అదే దారిలో డబ్బు కట్టని ఆటల నకళ్ళు వెల్లువెత్తాయి. హైదరాబాదుకు చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ కబడ్డీ, గిల్లీదండ, గాలిపటాల పోటీ వంటి మన ఆటలతో 2009లో పీఎస్‌పీకి 'దేశీ అడ్డా' రూపొందించింది. అటువంటి చిన్న ప్రయత్నాలకు ప్రతి నకలూ నష్టమే. ఈ నష్టాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సొంత రచనల స్వేచ్ఛను కోరేవారు చేసే పెద్ద పొరపాటు.

అయితే రెండూ ఒకే సందులోంచి రావడానికి సగం బాధ్యత సంస్థదే. సోనీయే 1996-97లో నెట్ యరోజీ పేరుతో, ఔత్సాహికులు సొంత ఆటలు రాసుకోవడానికి ప్రత్యేకమైన నల్ల ప్లేస్టేషన్‌ను అమ్మింది. 2002లో ప్లేస్టేషన్ 2కు లైనక్స్ కిట్ ఇచ్చింది. పీఎస్‌పీ యజమానికి అటువంటి గది ఏదీ ఇవ్వలేదు. తర్వాతి కాలంలో మైక్రోసాఫ్ట్ 2016లో ఎక్స్‌బాక్స్ వన్‌కు ఒక డెవలపర్ మోడ్ ఇచ్చి, యజమాని సొంత ప్రోగ్రాములు ఒకవైపు, కొన్న ఆటలు మరోవైపు వేరుగా నడిచేలా చేసింది. న్యాయమైన తలుపు ఒకటి తెరిచి ఉంచితే, సందులు వెతికే నిపుణుల్లో చాలామందికి వాటితో పని ఉండదు.

చట్టాలు కూడా సొంత రచననూ నకలునూ విడదీసి చూసే ప్రయత్నం చేశాయి. అమెరికాలో 2010లో ఫోన్ల తాళాలు విప్పడానికి మినహాయింపు ఇచ్చినా, 2012లో ఆటయంత్రాలకు నిరాకరించారు. భారతదేశపు కాపీరైటు చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే 2 ఏళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చంటుంది. 'ఉద్దేశంతో' అన్న ఆ షరతు వల్ల నకలు ఆట కోసం తాళం విప్పినవారినీ, తన రచన నడుపుకోవడానికి విప్పినవారినీ ఒకే గాటన కట్టాల్సిన పని లేదు. ఈ విషయంలో మన చట్టం చాలా దేశాల చట్టాల కంటే వివేకమైనదే.

అధికారికంగా అమ్మిన అదనపు సరుకు పరిస్థితి ఏమిటన్నది ఇప్పుడు అంతే ముఖ్యం. ఆటలకు అదనపు దశలు, వేషాలు, డిజిటల్ కామిక్స్ వంటివి ప్లేస్టేషన్ స్టోరులో దొరికేవి. 2009లో వచ్చిన పీఎస్‌పీ గోకు డిస్కు అమర్చే చోటే లేదు గనుక దాని ఆటలన్నీ అలా కొనుక్కున్నవే. 2021 జులైతో పీఎస్‌పీకి స్టోరు కొనుగోళ్ళు ముగిశాయి. డిస్కుగా రాని సరుకులో ఇక కొత్తగా కొనడానికి దారి లేనిది చాలా ఉంది. అటువంటివాటిని భద్రపరచడంలో ఒకనాటి ఔత్సాహికులు నేర్చిన విద్యే ఈనాడు అక్కరకు వస్తోంది. గ్రంథాలయాలూ ప్రదర్శనశాలలూ ఈ పనిని చట్టబద్ధంగా చేసుకునే వీలును ప్రభుత్వాలు ఇవ్వడం అవసరం.

ఇంట్లో పాత పీఎస్‌పీ ఉన్నవారు ఏ మార్పు తలపెట్టినా, ముందుగా మెమరీ స్టిక్‌లోని సేవ్‌డేటా, ఫొటోల ఫోల్డర్లను కంప్యూటరులోకి నకలు తీసుకోవాలి. బ్యాటరీ ఉబ్బి మూత పైకి లేస్తుంటే దాన్ని వెంటనే తీసివేయాలి. వాల్‌పేపరూ థీమూ నిశ్చింతగా మార్చుకోవచ్చు గాని, రాసినవారెవరో తెలియని ప్రోగ్రామును మాత్రం నడపకూడదు.